టెంకాయ నీళ్లూ కరెంటూ

నర్సు దుప్పటి మారుస్తోంది. మంచం మీదున్న మనిషికి 23 ఏళ్లు. ఉన్నట్టుండి ఆమె చెయ్యి పట్టుకుని కొరికేశాడు.

అది 1954. అమెరికాలో బోస్టన్ ప్రాంతం. కొరికినవాడి పేరు రిచర్డ్ హెరిక్. పుట్టుకతో పిచ్చివాడేమీ కాదు, కోస్ట్ గార్డులో కొలువు చేసి వచ్చిన కుర్రాడు. రెండు కిడ్నీలూ చెడిపోయి, మూత్రంలో పోవాల్సిన మురికి రక్తంలోనే నిలిచిపోయి, చివరికి తలకెక్కింది. ఒంటికి పెట్టిన గొట్టాలు పీకేసుకున్నాడు. కనిపించినవాళ్లనల్లా తిట్టాడు. ఇదే మన పుంగనూరులోనో పీలేరులోనో జరిగితే గాలి సోకిందనేవాళ్లు. బోయకొండ గంగమ్మ తీర్థం తెచ్చి చల్లేవాళ్లు. బోస్టన్ డాక్టర్లు అతణ్ణి డయాలిసిస్ యంత్రానికి తగిలించారు. రక్తం కడిగాక మనిషి మనిషయ్యాడు, మాట దారికొచ్చింది.

అతనికి కవల సోదరుడున్నాడు, రోనాల్డ్. ఒకే అచ్చు. నిజంగా ఒకే అచ్చేనా అని తేల్చుకోవడానికి డాక్టర్లు ఇద్దరినీ పోలీసుల దగ్గరికి పంపి వేలిముద్రలు తీయించారు. స్టేషన్‌లో తిరిగే విలేకరులు ఊరుకుంటారా, సంగతి పేపర్లకెక్కింది. ఆపరేషన్‌కు ముందు రాత్రి రిచర్డ్ ఒక చీటీ రాసి రోనాల్డ్‌కు పంపాడు: ఇక్కణ్ణుంచి లేచి ఇంటికి వెళ్లిపో అని. రోనాల్డ్ జవాబు కూడా చీటీయే: వచ్చాను, ఉంటాను. 1954 డిసెంబరు 23న జోసెఫ్ ముర్రే బృందం రోనాల్డ్ కిడ్నీని రిచర్డ్ పొత్తికడుపులో అమర్చింది. మనిషి నుంచి మనిషికి మార్చిన కిడ్నీ నిలిచి పనిచేయడం అదే మొదలు. రిచర్డ్ మరో ఎనిమిదేళ్లు బతికాడు. ఆపరేషన్ తర్వాత తనను చూసుకున్న నర్సునే పెళ్లి చేసుకున్నాడు. కొరికింది ఆమెను కాదనే అనుకుందాం. ముర్రేకు 1990లో నోబెల్ వచ్చింది.

ఈ కథను అందరూ సర్జరీ కథగా చెబుతారు. నాకు మాత్రం ఆ కొరుకుడు దగ్గరే చూపు ఆగిపోతుంది. కిడ్నీ చెడితే మతి చెడుతుందని రిచర్డ్ చూపించాడు. మరి మతి చెడితే కిడ్నీ ఏమవుతుంది? ఆ ప్రశ్న అడగాల్సిన అవసరం ఆ రోజు బోస్టన్‌లో ఎవరికీ రాలేదు. మార్చిన కిడ్నీతో మనుషులు ఏళ్ల తరబడి బతకడం మొదలయ్యాకే వచ్చింది.

మనకది దూరపు సంగతి కాదు. చిత్తూరు బస్టాండులో తెల్లవారుజామున వేలూరు బస్సెక్కే వాళ్లను చూడండి. చంకన ఎక్స్‌రే కవరు, చేతిలో సద్దిమూట, సంచిలో ఫైలు. గంట ప్రయాణం. మన దేశంలో తొలిసారి కిడ్నీ మార్పిడి విజయవంతమైంది అక్కడే, వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో, 1971లో. చేసినవాళ్లు డాక్టర్ జానీ, డాక్టర్ మోహన్‌రావు. అదే సంస్థకు ఊరవతల బాగాయంలో మానసిక వైద్య కేంద్రం ఉంది, 1957 నుంచి. రోగిని వదిలేసి వెళ్లడం కాకుండా ఇంటివాళ్లు వెంట ఉండి చూసుకునే పద్ధతికి అది పేరుబడింది. కిడ్నీకి ఒక ఆవరణ, మనసుకు ఇంకో ఆవరణ. ఇక తిరుపతిలో అయితే అలిపిరి దారిలో రుయా, స్విమ్స్, బర్డ్, చిన్నపిల్లల గుండె ఆసుపత్రి దాదాపు ఒకదానికొకటి ఆనుకునే ఉంటాయి. గోడలు ఆనుకున్నంత సులువుగా విభాగాలు మాట్లాడుకోవడం ఏ ఊళ్లోనూ జరగదనుకోండి, అది వేరే సంగతి.

ఇక్కడ ఒక మాట చెప్పి ముందుకు పోతాను. మానసిక రోగి గుట్టు బయటపెట్టకూడదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. చట్టం చెప్పకపోయినా పెట్టకూడదు. అందువల్ల ఇప్పుడు రాబోయే తల్లీ కొడుకులు నేను అల్లుకున్నవాళ్లు. వాళ్లకు పేర్లు లేవు, ఏ ఒక్క ఇంటి గోడూ కాదు. వాళ్ల చుట్టూ ఉన్న మందులు, లెక్కలు, భయాలు మాత్రం అసలువి.

పలమనేరు వైపు ఒక పల్లె. కొడుక్కి ముప్ఫై దాటాయి. మూడేళ్ల కిందట అమ్మ కిడ్నీ ఇచ్చింది. ఈ దేశంలో బతికుండగా కిడ్నీ ఇచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. అమ్మో, పెండ్లామో, అక్కో. ఆ ఇంట్లో గోడ మీద దేవుడి పటం పక్కనే గడియారం. పొద్దున తొమ్మిది, రాత్రి తొమ్మిది. టాక్రోలిమస్ మాత్ర ఆ వేళకు పడాల్సిందే. వచ్చిన కిడ్నీ పరాయిదని ఒళ్లు గుర్తుపట్టకుండా దానికి గంతలు కట్టే మాత్ర అది. గంత జారితే ఒళ్లు కిడ్నీ మీద పడి కరిచేస్తుంది. అమ్మదైనా సరే, పరాయిదే.

మూడేళ్లు ఏ చీకూ లేదు. ఆ తర్వాత అబ్బోడు మాట్లాడ్డం తగ్గించినాడు. నిద్ర పోయింది. సంగటి ముద్ద ముట్టుకునేది లేదు. ఒకనాడు రాత్రి తొమ్మిదికి తల్లి మాత్ర తెచ్చి చేతిలో పెడితే కింద పారేసినాడు.

"ఎందుకుమా ఇది? లోపల కుళ్లిపోయిండాది. వాసన తెలీలేదా నీకు?"

"ఏం కుళ్లిందిరా నాయనా?"

"నువ్విచ్చింది. నీ కడుపు కోసిన పాపం. నేనుండేది దండగమా."

ఆమె కుళ్లలేదని చెప్పింది, దండం పెట్టింది, కొట్టినంత పని చేసింది. కొండకు తీసకపోయి గుండు కొట్టించి మొక్కు తీర్చింది. ఏదీ అతనికి ఎక్కలేదు. తిండి మానినాడు, ఆపైన నీళ్లు మానినాడు. నీళ్లు తగ్గేసరికి, కిడ్నీ తడబాటును చూపే క్రియాటినిన్ రక్తంలో పెరిగింది. కొత్త కిడ్నీకి నీళ్లే ఊపిరి.

ఇలాంటి రోగి వస్తే డాక్టర్లు మొదట మనసు మీద అనుమానం పెట్టుకోరు, పెట్టుకోకూడదు. రిచర్డ్ హెరిక్ నేర్పిన పాఠం అదే. రక్తంలో యూరియా పెరిగిందా? టాక్రోలిమస్ మోతాదు మించిందా? అది మించినా చేతులు వణుకుతాయి, మతి తప్పుతుంది, మూర్ఛలు రావచ్చు. ప్రెడ్నిసొలోన్ ఎంత వేసుకుంటున్నాడు? ఆ స్టెరాయిడ్ కొందరిని ఆకాశంలో తిప్పుతుంది, కొందరిని పాతాళంలో పడేస్తుంది. మెదడుకు ఏదైనా ఇన్ఫెక్షన్ సోకిందా? ఇవన్నీ గాలించి, ఏదీ కాదని తేలాకే, లేదా అది సరిచేసినా మనిషి తేరుకోనప్పుడే, తీవ్రమైన డిప్రెషన్ అనే మాట వస్తుంది. లేనిది ఉన్నట్టు నమ్మేంత డిప్రెషన్.

సరే, మందులిస్తే పోదా? పోవచ్చు. కానీ డిప్రెషన్ మాత్రలు గుణం చూపించడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. ఇక్కడ అన్ని వారాలు లేవు. పైగా మార్చిన కిడ్నీ ఉన్న ఒంట్లో ప్రతి కొత్త మాత్రా పాత మాత్రలతో తగవు పెట్టుకునేదే. లిథియం కిడ్నీకే బరువు. కార్బమజెపైన్ టాక్రోలిమస్‌ను కాలేయంలో తొందరగా కరిగించేసి కిడ్నీని దిక్కులేనిదాన్ని చేస్తుంది. ఫ్లూవాక్సమిన్ దానికి ఎదురు, టాక్రోలిమస్‌ను ఒంట్లో పోగుచేస్తుంది. పసరుమందు గదా ఏం చేస్తుందిలే అనుకుని విదేశాల్లో కొందరు సెయింట్ జాన్స్ వోర్ట్ అనే మొక్క మందు మింగి, గంతలు కట్టే ఇంకో మందు సైక్లోస్పోరిన్ రక్తంలో పడిపోయి, మార్చిన అవయవానికే ఎసరు తెచ్చుకున్నారు. వీటిలో దేనితోనూ పేచీ పడని వైద్యం ఒకటుంది. అది ఒంట్లో ఏమీ మిగల్చదు. కాలేయం దాన్ని కరిగించక్కర్లేదు, కిడ్నీ దాన్ని వడపోయక్కర్లేదు. పేరు ఈసీటీ. ఊళ్లల్లో దాని పేరు కరెంటు పెట్టేది.

ఆ మాట వినగానే తల్లి లేచి నిలబడింది.

"కరెంటా? వొద్దు సార్. నా బిడ్డను మీకు అప్పజెప్పింది దానికి కాదు. కరెంటు పెడితే నేనిచ్చింది కాలిపోదా?"

ఆ భయం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆమెకు తెలియదు. సినిమాల్లోంచి వచ్చింది. హీరోను మంచానికి కట్టేసి, నెత్తికి కడ్డీలు ఆనించి, లైట్లు మినుక్కుమనిపించే సీనులోంచి. సినిమాలకు ఎక్కణ్ణుంచి వచ్చిందంటే మాత్రం రోముకు పోవాల్సిందే. వెనక్కి పోయినా తప్పులేదు, అసలు కథ అక్కడుంది.

1938 ఏప్రిల్. రోములో రైల్వేస్టేషన్ దగ్గర టికెట్ లేకుండా తిరుగుతున్న ఒక మనిషిని పోలీసులు పట్టుకున్నారు. వయసు 39, ఊరు మిలాన్. అడిగినదానికి అతను చెప్పే జవాబు ఏ భాషలోదో ఎవరికీ అర్థం కాలేదు, మాటలు అతనే పుట్టించుకుంటున్నాడు. పోలీసులు ఒక చీటీ రాసి విశ్వవిద్యాలయం మానసిక వైద్యశాలకు పంపారు. అక్కడి ప్రొఫెసర్ ఊగో చెర్లెట్టీ. అతని కింద లూచియో బీని అనే ముప్ఫై ఏళ్లు నిండని డాక్టరు, చేతిపని తెలిసినవాడు.

మూర్ఛ తెప్పిస్తే కొన్ని మానసిక రోగాలు తగ్గుతాయన్న సంగతి వాళ్లు కనిపెట్టింది కాదు. హంగరీలో మెడూనా అనే డాక్టరు 1934లోనే కర్పూరంతో, ఆ తర్వాత కార్డియజోల్ సూదితో మూర్ఛలు తెప్పించి చూశాడు. సూది పడ్డాక మూర్ఛ వచ్చేదాకా రోగి పడే భయం చెప్పనలవి కాదు. కరెంటుతో అయితే ఆ భయానికి వ్యవధే ఉండదని చెర్లెట్టీ ఆలోచన. కుక్కల మీద ప్రయత్నించాడు. ఒక తీగ నోట్లో, ఇంకొకటి వెనక. సగం కుక్కలు చచ్చాయి. కరెంటు గుండె గుండా పోతోంది, అందుకే చస్తున్నాయి, రెండు తీగలూ తలకే పెడదాం అని బీని పట్టుకున్నాడు. మరి తలకు పెడితే మనిషి చావడని నమ్మకమేమిటి?

రోము కబేళాలో పందుల్ని కరెంటుతో చంపుతారని ఎవరో చెప్పారు. చెర్లెట్టీ పోయి చూశాడు. చంపడం లేదు. కణతలకు పట్టకారు వేసి కరెంటు పెడితే పంది మూర్ఛ వచ్చి పడిపోతోంది, ఆ సందులో కసాయి గొంతు కోస్తున్నాడు. కొయ్యకుండా వదిలేసిన పంది కాసేపటికి లేచి మందలోకి నడిచిపోయింది.

మిలాన్ మనిషికి కరెంటు పెట్టిన రోజు ఆ గది తలుపులు మూసి, ఎవరూ రాకుండా కాపలా పెట్టారు. మనిషి పోతే ఏమిటన్న ప్రశ్న అందరి మొహాల్లో ఉంది. పళ్ల మధ్య రబ్బరు గొట్టం పెట్టారు. మొదటిసారి కరెంటు చాల్లేదు. ఒళ్లు ఒక్కసారి ఎగిరిపడింది, మూర్ఛ రాలేదు. రోగి పాట అందుకున్నాడు! ఇంకోసారి పెడదామా, రేపు చూద్దామా అని డాక్టర్లు గొణుక్కుంటున్నారు. అప్పటిదాకా ఎవరికీ అర్థం కాని భాష మాట్లాడినవాడు, రెండోసారి వద్దు, అది చంపేస్తుంది అని తేటగా అన్నాడని చెర్లెట్టీ తర్వాత చెప్పుకున్నాడు. అయినా పెట్టారు. ఈసారి 110 వోల్టులు, అర సెకను. మూర్ఛ వచ్చింది, ఊపిరి ఆగింది, మొహం నీలమైంది. వాచీ చూస్తూ నిలబడ్డారు. ఊపిరి వచ్చింది. లేచి కూర్చున్నాక ఏం జరిగిందని అడిగితే తెలియదు, నిద్రపోయానేమో అన్నాడు.

ఆ మనిషి పదకొండుసార్లు చేయించుకుని బాగై మిలాన్ వెళ్లి పనిలో చేరాడు. కొన్నాళ్లకు జబ్బు తిరగబెట్టింది. రెండూ నిజమే. ఒకటే చెప్పి రెండోది దాచేవాళ్లు రెండు పక్షాల్లోనూ ఉన్నారు. నాకు నచ్చనిది వేరే. వద్దన్నవాడి మాట ఆ గదిలో చెల్లలేదు. ఈసీటీకి అంటుకున్న చెడ్డపేరులో కరెంటు పాలు సగమే, మిగతా సగం ఆ మూసిన తలుపుది. ఆ తర్వాత చాలా దేశాల్లో, చాలా ఏళ్లు, చాలా తలుపుల వెనక అదే నడిచింది. మత్తు లేకుండా, నలుగురు పట్టుకుంటే, వెన్నుపూసలు విరిగేలా మూర్ఛలు.

ఒంటిని సడలించే సక్సినైల్‌కోలీన్ 1950ల మొదట్లో వచ్చాక ఆ దృశ్యం మారింది. మారే అవకాశం వచ్చింది అనడం సబబు. మన దేశంలో మత్తు, కండరాల సడలింపు మందు లేకుండా ఈసీటీ చేయకూడదని చట్టం చెప్పడానికి 2017 రావాల్సి వచ్చింది. అమల్లోకి వచ్చింది 2018 మే 29న. మైనర్లకైతే సంరక్షకుడి అంగీకారంతో పాటు ఆ చట్టం కింద ఏర్పడిన బోర్డు ముందస్తు అనుమతి కూడా కావాలి.

మన కథలోని అబ్బోడికి ఈ సడలింపు మందు ఇంకా ముఖ్యం. మూడేళ్లుగా స్టెరాయిడ్ మింగిన ఎముకలు అతనివి, లోపల గుల్లబారి ఉండవచ్చు. రోము పద్ధతిలో మూర్ఛ తెప్పిస్తే వెన్ను నిలవదు. మార్చిన కిడ్నీ నడుము వెనక కాక పొత్తికడుపులో, చర్మానికి దగ్గరగా ఉంటుంది. నలుగురు మీద పడి పట్టుకోవడం ఆ కిడ్నీకి కుదరని పని.

డాక్టరమ్మ తల్లిని కూర్చోబెట్టింది. మత్తు డాక్టరు ఆమె, చిన్న వయసు.

"అమ్మా, కరెంటు పోయేది ఇక్కడ" అని తన కణత చూపించింది. "కొద్ది సెకన్లు. నువ్విచ్చింది ఇక్కడుంది" అని పొత్తికడుపు చూపించింది. "దీనికీ దానికీ సంబంధం లేదు. నాకున్న భయం వేరే."

"ఏంది తల్లీ?"

"నిన్న వాడికి ఏమన్నా తాగించావా?"

తల్లి మొహం తిప్పుకుంది. "ఏమీ తినలేదని... రెండు టెంకాయ నీళ్లు. బతిమాలితే ఆ పొద్దొకటీ ఈ పొద్దొకటీ తాగినాడు."

డాక్టరమ్మ చేతిలో రక్తపరీక్ష కాగితం. పొటాషియం 5.8.

ఇక్కడ కాస్త నిలబడాలి. టెంకాయ నీళ్లలో పొటాషియం మెండు. మంచి కిడ్నీ ఉన్నవాడు తాగితే ఏమీ కాదు, ఎక్కువైంది మూత్రంలో పోతుంది. నీళ్లందక కిడ్నీ ముడుచుకుపోయిన రోగిలో అది పోదు. టాక్రోలిమస్ కూడా పొటాషియాన్ని నిలబెట్టే మందే. వీటి మీద సక్సినైల్‌కోలీన్ పడితే కండరాల్లోని పొటాషియం ఇంకొంచెం రక్తంలోకి వస్తుంది, సుమారు అర యూనిట్. 4 ఉన్నవాడికి అది 4.5 అవుతుంది, ఎవరూ పట్టించుకోరు. 5.8 ఉన్నవాడికి గుండె లయ తప్పవచ్చు. ఊరంతా భయపడే కరెంటు ఆ మంచం చుట్టూ ఉన్నవాటిలో నెమ్మదస్తురాలు. తల్లి ప్రేమగా పట్టిన టెంకాయ నీళ్లే ఆ రోజు గదిలో ఎక్కువ ప్రమాదం.

ఈసీటీ ఒకరోజు వాయిదా పడింది. సెలైన్ ఎక్కించారు, పొటాషియం దించారు. సక్సినైల్‌కోలీన్ బదులు అట్రాక్యూరియం వాడదామనుకున్నారు. దాని సుగుణం ఏమిటంటే, అది ఏ అవయవం సాయమూ అడగదు, రక్తంలో తనంత తానే విరిగిపోతుంది. దిగడానికి కొంచెం ఎక్కువసేపు పడుతుంది, అంతే.

సంతకం ఎవరిది? కొడుకు నిర్ణయం చెప్పగల స్థితిలో లేడు. నామినేటెడ్ రిప్రజెంటేటివ్‌గా తల్లి పెట్టాలి. ఆమెకు రాయడం రాదు. ఇంకుప్యాడు తెచ్చారు. బొటనవేలు అద్దేముందు ఒక్క ప్రశ్న అడిగింది:

"వాడు వొద్దంటే మద్దెలో నిలిపేస్తారా?"

"వాడు మామూలై వద్దంటే ఆపేస్తామమ్మా. రాసిస్తాను."

ముద్ర పడింది.

ఇంతలో గుండె సంగతి చెప్పాలి, అది కిడ్నీ కంటే చిత్రం. మన దేశంలో మొదటిసారి గుండె మార్పిడి విజయవంతంగా చేసింది రాజమండ్రిలో పుట్టిన పి.వేణుగోపాల్, ఢిల్లీ ఎయిమ్స్‌లో, 1994 ఆగస్టు 3న. అంతకు మూడేళ్ల ముందే, 1991లో, చార్ల్స్ కెల్నర్ బృందం న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక చిన్న ఉత్తరం అచ్చువేయించింది: గుండె మారిన మనిషికి ఈసీటీ చేశామని. మామూలు గుండెకు మెదడు నుంచి వేగస్ అనే నరం కళ్లెంలా వస్తుంది. ఈసీటీలో కరెంటు తగిలిన మొదటి క్షణాల్లో ఆ కళ్లెం బిగుసుకుని గుండె నెమ్మదిస్తుంది, ఒక్కోసారి కాసేపు ఆగుతుంది కూడా. అందుకే కొందరు ముందుగా అట్రోపిన్ సూది వేస్తారు. మారిన గుండెకు ఆ కళ్లెం ఉండదు, ఆపరేషన్‌లో తెగిపోయింది. మెదడులో ఉరుము ఉరిమినా ఆ గుండెకు వినపడదు. అట్రోపిన్ వేసినా దాన్ని కదిలించదు. ఆ తర్వాత రక్తంలో అడ్రినలిన్ ప్రవహించి వచ్చినప్పుడే అది పరుగందుకుంటుంది, కొంచెం ఆలస్యంగా. కాబట్టి ఆ గుండెకు నిదానించే గండం తక్కువ, పరుగెత్తే గండం మీదే కన్నుండాలి. నొప్పి చెప్పే నరాలూ తెగినవే గనక, రక్తం చాలకపోతే ఛాతీలో నొప్పి తెలియకపోవచ్చు. మానిటర్ చూసేవాడే దానికి నోరు.

తిరుపతిలో టీటీడీ వాళ్ల శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం 2021లో తెరిచారు. 2023 జనవరిలో అక్కడ పదిహేనేళ్ల పిల్లవాడికి గుండె మార్చారు. విశాఖపట్నంలో బ్రెయిన్‌డెడ్ అయిన దాత గుండె విమానంలో రేణిగుంటకు, అక్కణ్ణుంచి గ్రీన్ చానెల్‌లో ఆసుపత్రికి చేరింది. ఆ పిల్లవాడికీ ఈ కథకూ సంబంధం లేదు. మార్చిన అవయవాలతో బతికే మనుషులు మన వీధుల్లోకి వచ్చేశారని చెప్పడానికే ఎత్తాను. వాళ్లకూ అందరిలాగే మనసు కుంగుతుంది. ఇంకొంచెం ఎక్కువే కుంగవచ్చు, అవతల ఒకరు పోతే తాము బతికామన్న బరువు కొందరి మీద ఉంటుంది.

ఇక మన అబ్బోడికి ఈసీటీ పెట్టిన పొద్దు. ఏడు గంటలు. రాత్రి నుంచి పచ్చి మంచినీళ్లు లేవు. ఎడమ చేతికి డయాలిసిస్ కోసం రక్తనాళాలు కలిపిన పాత ఫిస్టులా ఉంది, ముట్టుకుంటే జివ్వుమంటుంది. ఆ చేతికి సూదీ లేదు, బీపీ పట్టా లేదు, నర్సు ఎర్రగుడ్డ కట్టి గుర్తు పెట్టింది. తలకు నూనె ఉంటే కరెంటు సరిగా పట్టదని మామూలుగా తలంట్లు పోసి పంపుతారు. ఇతనికి ఆ పని లేకుండా వెంకన్నే చేసి పెట్టాడు. గుండు మీద రెండు నెలల గరుకు. కణతలకు జెల్లీ రాసి బిళ్లలు ఆనించారు. కుడికాలి పిక్కకు బీపీ పట్టా బిగించారు, సడలింపు మందు ఆ పాదానికి చేరకుండా. ఒళ్లంతా సడలిపోయినప్పుడు మూర్ఛ వచ్చిందా లేదా అన్న సంగతి ఆ ఒక్క పాదమే చెబుతుంది. మత్తు ఎక్కింది. పళ్ల మధ్య రబ్బరు. మీట నొక్కారు.

పాదం బొటనవేలు వణికింది. సన్నగా, చలికి వణికినట్టు. ఇరవై, ముప్ఫై, ముప్ఫై ఎనిమిది. ఆగింది. బీపీ ఒక్కసారి ఎగిరి, మందుతో దిగింది. పది నిమిషాల్లో కళ్లు తెరిచాడు. బయట బెంచీ మీద కూర్చున్న తల్లి లోపల ఏదో పేలుతుందని చెవులు మూసుకుని ఉంది. తలుపు తెరుచుకున్నా ఆమెకు వినపడలేదు.

ఒక్కసారికి ఏమీ కాలేదు. వారానికి రెండు. రెండోదాని తర్వాత గ్లాసెడు నీళ్లు తాగాడు. మూడోదాని తర్వాత గంజి. ఈ లోపు మాత్రలు పొడి చేసి, బతిమాలి, ముక్కుగొట్టం బెదిరింపులతో ఎలాగో వేశారు. అందరికీ ఇలాగే గుణం ఇస్తుందని చెప్పను. కొందరికి ఎక్కువసార్లు పడుతుంది, కొందరికి పనిచేయదు, తగ్గినవాళ్లలోనూ తర్వాత మందులు ఆపితే తిరగబెట్టేది చాలామందికి. మతిమరుపు వస్తుంది. వైద్యం జరిగిన రోజుల చుట్టూ ఉన్న సంగతులు చెరిగిపోతాయి. చాలావరకు తిరిగొస్తాయి, కొన్ని రావు. కొందరికి అది పెద్ద నష్టమే, చిన్నదని కొట్టిపారేసే డాక్టరంటే నాకు నమ్మకం లేదు.

ఐదోదాని తర్వాత వార్డులోకి తెచ్చి పడుకోబెట్టారు. కాసేపటికి అతను తల తడుముకున్నాడు.

"మా, గుండు ఎప్పుడు కొట్టించుకున్న్యా?"

"కొండకు పోయినాం గదరా, నువ్వూ నేనూ."

"కొండకా?" చాలాసేపు ఆలోచించాడు. దొరకలేదు. "లడ్డు తెచ్చినామా?"

"తెచ్చినాం. నువ్వు తినలేదు, ఎద్దులకు పెట్టేసినా."

అతను కిటికీ వైపు చూశాడు. ఎండ మంచం కాలిదాకా వచ్చింది. తల్లి సెల్లులో అలారం ఇంకా మోగలేదు.

"మా, తొమ్మిదయిందా? మాత్ర ఏదీ?"